అడగని పదమూడు మంది

లెక్కల టీచర్ బోర్డు మీద ప్రశ్న రాయడం ముగించి చాక్‌పీస్ కింద పెట్టేలోపే దూది చెయ్యి పైకి లేచింది.

ప్రశ్న ఇది. ఒక ఊళ్లో పొద్దున ఆరింటికి పార్కుకి వెళ్లి, అక్కడున్న రెండు వందల మందిని "మీరు రోజూ నడుస్తారా?" అని అడిగారు. నూట ఎనభై మంది "నడుస్తాం" అన్నారు. కాబట్టి ఆ ఊళ్లో నూటికి తొంభై మంది రోజూ నడుస్తారని తీర్మానించారు. ఈ తీర్మానంలో తప్పేమిటి?

"చెప్పమ్మా," అంది టీచర్.

దూది లేచి నిలబడింది. "పొద్దున్నే పార్కులో ఉండేదే నడిచేవాళ్లు టీచర్. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లని ఎవరూ అడగలేదు."

క్లాసంతా గొల్లున నవ్వింది. టీచర్ కూడా నవ్వింది.

"కరెక్ట్. ఇంకోటి చెప్తా వినండి. వంద ఇళ్లకి ఫోన్ చేసి 'మీ ఇంట్లో ఫోన్ ఉందా?' అని అడిగారు. వందమందీ ఉందన్నారు. కాబట్టి ఊళ్లో ఫోన్ లేని ఇల్లే లేదు."

ఈసారి అందరూ ఒక్కసారే అరిచారు. "లేనివాళ్లు ఎట్లా ఎత్తుతారు టీచర్!"

"సరే, ఇది కొంచెం కష్టం. వందమంది పిల్లలని 'మీకు అన్నిటికంటే ఇష్టమైన ఐస్‌క్రీమ్ ఒక్కటే చెప్పండి' అని అడిగారు. ఒక్కరు కూడా వెనిల్లా అనలేదు. కాబట్టి వెనిల్లా ఎవరికీ ఇష్టం లేదు."

కొందరు తల గోక్కున్నారు. దూది చెయ్యి మళ్లీ లేచింది.

"ఒక్కటే చెప్పమంటే మొదటి ఇష్టమే చెప్తారు కదా టీచర్. వెనిల్లా రెండో ఇష్టమో మూడో ఇష్టమో అయ్యుండొచ్చు. చెప్పడానికి వాళ్లకి చోటేదీ?"

"శభాష్!" అంది టీచర్. "కొత్తమ్మాయి బుర్ర చురుకు" అని ఎవరో వెనక నుంచి అన్నారు.

అంతే. ఆ తర్వాత ఆ రోజు ఆమెతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

దూది ఆ బడిలో చేరి రెండు నెలలయింది. అమ్మ పనిచేసే ఆసుపత్రివాళ్లు ఆమెని ఈ ఊరి ల్యాబ్‌కి మార్చారు. నాన్న లిఫ్టులు బిగించే మెకానిక్. ఆయన పని ఇంకో ఊళ్లో. నెలకి ఒకసారి వస్తాడు. పుట్టినప్పుడు దూదిలా తేలిగ్గా ఉందని ఆయన పెట్టిన ముద్దుపేరే 'దూది'. ఆ పేరు ఇంటికే పరిమితం. క్లాసులో మాత్రం రెండు నెలలైనా ఆమె ఇంకా 'కొత్తమ్మాయే'.

భోజనం గంట కొట్టగానే బెంచీలు కిర్రుకిర్రుమంటూ తిరిగేవి. నలుగురేసి, అయిదుగురేసి గుండ్రంగా కూర్చునేవారు. ఎటు చూసినా వీపులే కనిపించేవి. దూది పక్కన కూర్చునే అమ్మాయి కూడా వెనక బెంచీ వైపు తిరిగిపోయేది. దూది డబ్బా తీసి, కిటికీలోంచి చూస్తూ తినేది. తినడానికి ఆరు నిమిషాలు పట్టేది. గోడ గడియారం చూసి లెక్కపెట్టింది. భోజన విరామం నలభై నిమిషాలు. మిగతా ముప్పై నాలుగు నిమిషాలు ఏం చెయ్యాలో ఆమెకి తెలిసేది కాదు.

సాయంత్రం ఇంటి కింద ఇస్త్రీ చేసే ఆయన దగ్గర తాళంచెవి తీసుకునేది. "వచ్చావా తల్లీ," అనేవాడు ఆయన, ఇస్త్రీపెట్టె మీంచి తల ఎత్తకుండానే. "వచ్చా," అనేది దూది. అమ్మ ఏడింటికి డ్యూటీ దిగి వచ్చేదాకా ఇక ఎవరితోనూ మాట ఉండేది కాదు.

అందుకే ఆమె లైబ్రరీ నుంచి తెచ్చిన రీజనింగ్ పుస్తకం ముందేసుకుని రెండు గొంతులతో చదివేది. లావు గొంతుతో ప్రశ్న అడిగేది. సన్న గొంతుతో జవాబు చెప్పేది. కొన్నిసార్లు లావు గొంతు "శభాష్" అని కూడా అనేది.

ఆ ప్రశ్నలు అడిగిన శుక్రవారమే పీరియడ్ చివర్లో టీచర్ రెండు విషయాలు చెప్పింది.

"మొదటిది. ప్రతి ఒక్కరూ ఒక సర్వే చెయ్యాలి. ఒకే ప్రశ్న. కనీసం ఇరవై మందిని అడగాలి. చివర్లో తీర్మానం రాయాలి. బుధవారం నాకు ఇవ్వండి. రెండోది. వచ్చే శనివారం మనం బిస్కెట్ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్తున్నాం."

క్లాసు పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది.

"ఆగండాగండి! అమ్మానాన్నల సంతకంతో ఫారం వచ్చే శుక్రవారంలోపు ఇవ్వాలి. బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో మీరే చూసుకోండి. దెబ్బలాడుకోకండి."

ఆ మాట టీచర్ నోట్లోంచి రాగానే తలలన్నీ అటూ ఇటూ తిరిగాయి. కళ్లతోనే జతలు కుదిరిపోయాయి. దూది వైపు ఏ తలా తిరగలేదు.

ఆమె ఇంటికి వెళ్తూ ఆలోచించింది. సర్వే ప్రశ్న దొరికింది.

*

సోమవారం భోజనం వేళ దూది నోట్‌బుక్ పట్టుకుని మొదటి గుంపు దగ్గరికి వెళ్లింది. చేరిన దగ్గర్నుంచీ ఆమె తనంతట తాను ఒక బెంచీ దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి.

"టీచర్ చెప్పిన సర్వే," అంది. "బస్సులో నీ పక్కన ఎవరు కూర్చోవాలని ఉంది? ఒక్క పేరే చెప్పాలి."

అడగడం తేలికే అయింది. చేతిలో నోట్‌బుక్ ఉంటే ఎవరి దగ్గరికైనా వెళ్లవచ్చు. నోట్‌బుక్ లేకుండా వెళ్తే ఏమనాలో ఆమెకి తెలియదు.

ముందు బెంచీలో ఇద్దరు అమ్మాయిలుండేవారు. ఒకరు నల్లగా పొడుగ్గా, ఒకరు తెల్లగా పొట్టిగా ఉండేవారు. కానీ ఎక్కడికెళ్లినా కలిసే వెళ్తారని అందరూ వాళ్లని 'కవలలు' అనేవారు. వాళ్లు ఒకరి పేరు ఒకరు చెప్పి, ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు.

"మరి నువ్వెవరితో కూర్చుంటావ్?" అని అడిగింది పొట్టి కవల.

దూది తడబడింది. "నేనింకా ఏమీ అనుకోలేదు," అని గబుక్కున పక్క బెంచీకి వెళ్లిపోయింది.

సోమవారం పదకొండు మంది. మంగళవారం పదకొండు మంది. మొత్తం ఇరవై రెండు పేర్లు నోట్‌బుక్‌లోకి చేరాయి. అడిగిన ప్రతిసారీ ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగేది. ఎవరైనా "నువ్వే" అంటారేమోనని.

ఎవరూ అనలేదు.

ఇంటికెళ్లి మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై రెండు పేర్లూ వేలు పెట్టి చదివింది. తన పేరు ఒక్కసారి కూడా లేదు. ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది. ఆమె తెల్లకాగితం మీద ప్రశ్న రాసి, అడిగినవాళ్ల పేర్లూ జవాబులూ పట్టీగా వేసి, అడుగున తీర్మానం రాసింది.

'ఈ క్లాసులో నా పక్కన కూర్చోవాలని ఎవరికీ లేదు.'

చెరిపేద్దామనుకుంది. కానీ లెక్క లెక్కే కదా. ఉంచేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ అడిగింది. "బిస్కెట్ ఫ్యాక్టరీకి ఎప్పుడన్నావ్? ఫారం ఏదో ఇస్తారన్నావుగా?"

"అది క్యాన్సిల్ అయింది," అంది దూది పళ్లెంలోకి చూస్తూ. "ఫ్యాక్టరీలో మిషన్ పాడైందట."

"అయ్యో. పాపం పిల్లలంతా ఎంత ఆశపడి ఉంటారో," అంది అమ్మ.

దూది కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలిపింది. ఫారం రీజనింగ్ పుస్తకంలో, నాలుగు మడతల మీద ఉంది.

*

గురువారం టీచర్ సర్వే కాగితాలు తిరిగి ఇచ్చింది. అందరికీ మార్కులు వేసింది. దూది కాగితం మీద మార్కులు లేవు. తీర్మానం పక్కన ఎర్ర ఇంకుతో మూడు మాటలే ఉన్నాయి.

'ఎవరిని? ఎక్కడ? ఎలా?'

దూదికి తల కొట్టేసినట్టయింది. క్లాసులో ఏ ప్రశ్న అడిగినా ముందు చెయ్యెత్తేది తను. తన సర్వేకే మార్కులు లేవు! పైగా ఆ చివరి వాక్యం టీచర్ చదివింది. కాగితం ఇంకెవరూ చూడకూడదని గబగబా మడిచి జేబులో పెట్టుకుంది.

భోజనం గంట కొట్టింది. బెంచీలు కిర్రుమన్నాయి. ఆ రోజు ఆ వీపుల మధ్య కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. డబ్బా పట్టుకుని మెట్లు దిగిపోయింది. మైదానం వైపు గోలగా ఉంది. బడి వెనక్కి నడిచింది.

అక్కడ స్కూలు వ్యాన్లు నాలుగు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మూడో వ్యాన్ తలుపు తెరిచి ఉంది. మెట్టు మీద డ్రైవర్ చొక్కా వేసుకున్న ఒకావిడ కూర్చుని తింటోంది. పక్కనే దూది క్లాసమ్మాయి ఒకతె.

ఆ అమ్మాయిని క్లాసులో అందరూ 'హారన్' అనేవారు. ఆమె నవ్వితే రెండు గదుల అవతలికి వినిపించేది. వెనక బెంచీలో కూర్చుని జోకులు వేసేది. ఆమె జోకులకి టీచర్లు కూడా నవ్వు ఆపుకోలేకపోయేవారు.

"ఏయ్, కొత్తమ్మాయ్! ఇక్కడేం చేస్తున్నావ్?"

దూది నీళ్లు నమిలింది. "ఏం లేదు. ఊరికే."

"డబ్బా పట్టుకుని ఊరికే తిరుగుతున్నావా?" అంది డ్రైవరమ్మ. ఆమె కాస్త పక్కకి జరిగింది. "రా, కూర్చో. నిలబడి తింటే తిన్నట్టుండదు."

దూది కింది మెట్టు మీద కూర్చుంది. నీడలో వ్యాన్ చల్లగా ఉంది.

"నువ్వు రోజూ ఇక్కడే తింటావా?" హారన్‌ని అడిగింది దూది.

"ఆఁ. మిగతా డ్రైవర్లు మధ్యాహ్నం ఇళ్లకెళ్లిపోతారు. మా ఇల్లు దూరం. నేను పైన తింటే అమ్మ ఒక్కతే తినాలి."

"నేను పొమ్మంటూనే ఉంటాను," అంది డ్రైవరమ్మ. "వింటేగా! సరే, మీరు మాట్లాడుకోండి. నేను టైర్లలో గాలి చూసుకోవాలి." ఆమె చేతులు కడుక్కుని వ్యాన్ వెనక్కి వెళ్లింది.

దూది రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టింది. రుమాలుతోపాటు మడిచిన కాగితం కూడా వచ్చి కింద పడింది. హారన్ అందుకుంది.

"ఇదేనా నీ సర్వే? చూడనా?" అంటూనే విప్పేసింది.

"వద్దు! ఇచ్చెయ్!"

ఆలస్యమైపోయింది. హారన్ కళ్లు కాగితం చివరికి చేరాయి. ఇక ఆమె పెద్దగా నవ్వుతుంది, ఆ నవ్వు బడంతా వినిపిస్తుంది అనుకుని దూది తల దించేసుకుంది.

హారన్ నవ్వలేదు. కాగితాన్ని పైనుంచి కిందికి మళ్లీ చదివింది.

"ఇందులో నా పేరు లేదే?"

"నువ్వు భోజనం అప్పుడు క్లాసులో లేవు."

"అదే చెప్తున్నా. నువ్వు నన్ను అడగలేదు కదా. మరి 'ఎవరికీ లేదు' అని ఎట్లా రాశావ్?"

దూది కాగితం వైపు చూసింది. పొద్దున ఆరింటి పార్కు ఆమె కళ్ల ముందు కదిలింది. దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లంతా లేచి కూర్చుని తనని చూస్తున్నట్టనిపించింది.

"అడిగుంటే ఎవరి పేరు చెప్పేదానివి?" మెల్లగా అడిగింది.

హారన్ అబద్ధం చెప్పలేదు. "ఎవరి పేరూ చెప్పేదాన్ని కాదు. ట్రిప్పుకి పెద్ద బస్సు కూడా అమ్మే నడుపుతుంది. ప్రతిసారీ అమ్మ వెనక సీట్లో నేనొక్కదాన్నే కూర్చుంటా. నా పక్కన టీచర్ బ్యాగు ఉంటుంది."

"నువ్వా? నీకు బోలెడుమంది ఫ్రెండ్స్ అనుకున్నాను."

"ఎవర్నడిగి అనుకున్నావ్?"

దూది ఎవర్నీ అడగలేదు.

"అందరూ నవ్వడానికి వస్తారు," అంది హారన్, కాగితం మడతపెడుతూ. "కూర్చోడానికి ఎవరూ రారు. నేనూ ఎవర్నీ అడగను."

దూది గొంతులో ఒక ప్రశ్న కదిలింది. 'మరి నేను కూర్చోనా?' చాలా చిన్న ప్రశ్న. నోట్‌బుక్‌తో ఇరవై రెండు మందిని అడిగిన నోరు, ఈ ఒక్క ప్రశ్నకి పెగల్లేదు. ఇంతలో గంట కొట్టేశారు. ఇద్దరూ డబ్బాలు మూసుకుని పరిగెత్తారు.

*

ఆ సాయంత్రం దూది కాగితం ముందు పెట్టుకుని లావు గొంతుతో ఇలా అడిగింది.

"ఒక క్లాసులో ముప్పై ఆరుగురు పిల్లలు. అందులో ఒక అమ్మాయి సర్వే చేసింది. భోజనం వేళ క్లాసులో ఉన్న ఇరవై రెండు మందిని 'నీ పక్కన ఎవరు కూర్చోవాలి, ఒక్క పేరే చెప్పు' అని అడిగింది. ఎవరూ ఆమె పేరు చెప్పలేదు. కాబట్టి ఆమె పక్కన కూర్చోవాలని క్లాసులో ఎవరికీ లేదని తీర్మానించింది. ఇందులో తప్పేమిటి?"



దూది వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తనని తీసేస్తే ముప్పై అయిదుగురు. అడిగింది ఇరవై రెండు. అడగనివాళ్లు పదమూడు మంది.

మైదానంలో బంతి ఆడే నలుగురు. దగ్గరే ఇల్లు కాబట్టి తినడానికి ఇంటికెళ్లే ముగ్గురు. లైబ్రరీలో ఉండే ఇద్దరు. జ్వరంతో రాని ఇద్దరు. బెంచీ మీద తల వాల్చి నిద్రపోయే ఒకబ్బాయి. లేపడం ఎందుకని అతన్ని వదిలేసింది. ఇంకా హారన్.

తను అడిగింది ఎవరిని? స్నేహితులతో గుండ్రంగా కూర్చుని తింటున్నవాళ్లని. వాళ్లు పక్కనున్న స్నేహితురాలి పేరు కాక ఇంకేం చెప్తారు? పైగా ఒక్క పేరే చెప్పమంది. వాళ్ల మనసులో రెండో పేరు ఉన్నా చెప్పడానికి చోటు లేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పొట్టి కవల "మరి నువ్వు?" అని అడిగింది. తనే జవాబు చెప్పకుండా పారిపోయింది.

తప్పు దొరికింది. పుస్తకంలో ప్రశ్నకి తప్పు దొరికితే సంతోషంగా ఉండేది. ఈసారి అలా లేదు. తీర్మానం తప్పని తేలింది, అంతే. సరైన జవాబేమిటో తెలియలేదు. ఆ పదమూడు మందీ కూడా వద్దంటే?

లావు గొంతు "శభాష్" అనలేదు.

*

శుక్రవారం పొద్దున్న అమ్మ డబ్బా సర్దుతోంది. దూది నాలుగు మడతల ఫారం తెచ్చి గట్టు మీద పెట్టింది.

అమ్మ విప్పి చూసింది. తేదీ చూసింది. "ఇది రేపే కదా. మిషన్ పాడైందన్నావు?"

"పాడవలేదు. అబద్ధం చెప్పా."

అమ్మ డబ్బా మూత పక్కన పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది దూదికి. జేబులోంచి సర్వే కాగితం కూడా తీసి ఇచ్చింది. అమ్మ నిలబడే చదివింది. చివరి వాక్యం దగ్గర ఆమె ముఖం చిన్నబోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అలిసిపోయి వస్తావుగా," అంది దూది. "కానీ అది తప్పమ్మా. పదమూడు మందిని నేను అడగనే లేదు. ప్రశ్న కూడా సరిగ్గా అడగలేదు."

అమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. దూదిని దగ్గరికి తీసుకుంది.

"ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేనో పని చేశాను. వార్డులో ఒక పెద్దాయన దగ్గర రక్తం తీశా. ఆయన చేతికి సెలైన్ ఎక్కుతోంది. నేను చూసుకోకుండా ఆ చేతి నుంచే తీశా. రిపోర్టు చూసి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది, ఈయనకి ఇంత ప్రమాదంగా ఉందేమిటని. తీరా చూస్తే ఆయన మంచం మీద కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు!"

"మరి రిపోర్టు?"

"ట్యూబులో సగం సెలైన్ నీళ్లే. రిపోర్టు దానిది. ఆయనది కాదు."

"అప్పుడేం చేశావ్?"

"రెండో చేతి నుంచి మళ్లీ తీశా."

"అంతేనా?"

"అంతే అంటావేంటి! మళ్లీ ఆయన దగ్గరికెళ్లి, 'పొరపాటైంది, ఇంకోసారి చెయ్యి ఇవ్వండి' అని అడగాలిగా. సిగ్గుతో చచ్చిపోయాననుకో. సూది గుచ్చడం కాదే, ఆ అడగడమే కష్టం."

అమ్మ పెన్ను తీసి ఫారం మీద సంతకం చేసింది. "ఇంకెప్పుడూ నాకు మిషన్ పాడైందని చెప్పకు," అంది మెల్లగా. దూది తల ఊపింది.

*

ఆ మధ్యాహ్నం గంట కొట్టగానే దూది ఫారం టీచర్ చేతికిచ్చి, పదమూడు పేర్లున్న చీటీతో బయల్దేరింది. ఈసారి 'టీచర్ చెప్పిన సర్వే' అనలేదు. ప్రశ్న కూడా మారింది.

ముందు నిద్రపోయే అబ్బాయి భుజం తట్టింది.

"ఆఁ? బెల్లయిందా?" ఉలిక్కిపడి లేచాడు.

"కాలేదు. రేపు బస్సులో నీ పక్కన నేను కూర్చోవచ్చా?"

అతను కళ్లు నులుముకున్నాడు. "కూర్చో. కానీ నేను బస్సులో కూడా పడుకుంటా."

లైబ్రరీలో ఒకమ్మాయి "సరే" అంది. రెండో అమ్మాయి "వద్దు" అంది. కారణం చెప్పలేదు. పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. దూది వెనక్కి వెళ్లిపోదామనుకుంది. కానీ చీటీలో ఆ పేరు పక్కన 'వద్దు' అని రాసుకుని మైదానం వైపు నడిచింది.

మైదానంలో ఒకడు "నాకు బస్సెక్కితే వాంతులొస్తాయి, ఎవరూ వద్దు, నీ మంచికే చెప్తున్నా" అన్నాడు. ఇద్దరు "చూద్దాం" అన్నారు. నాలుగోవాడు బంతి విసిరేసి "సరే, నాకు బిస్కెట్లు ఎక్కువిస్తే" అన్నాడు. భోజనానికి వెళ్లి తిరిగొస్తున్న ముగ్గుర్నీ గేటు దగ్గర ఆపి అడిగింది. ఇద్దరు సరే అన్నారు. ఒకమ్మాయి "ఏమో, మా అమ్మని అడగాలి" అంది. జ్వరం వచ్చిన ఇద్దరిలో ఒకమ్మాయి ఆ రోజే బడికి వచ్చింది. నన్ను అడిగేవాళ్లున్నారా అన్నట్టు చూసి, సరేనంది.

చివరికి వ్యాన్ల దగ్గరికి వెళ్లేసరికి ఆయాసం వచ్చింది. హారన్ తినేసి మెట్టు మీద కాళ్లు ఊపుతూ కూర్చుంది. దూది చీటీ చూపించింది.

"ఆరుగురు సరే అన్నారుగా," అంది హారన్. ఆమె గొంతు చిన్నగా ఉంది. "మరి నా దగ్గరికెందుకొచ్చావ్?"

"నిన్ను ఇంకా అడగలేదు కాబట్టి."

నిన్న పెగలని ప్రశ్న ఈసారి బయటికొచ్చింది.

"నీ పక్కన నేను కూర్చోవచ్చా?"

హారన్ కాళ్లు ఊపడం ఆపేసింది.

"అయితే టీచర్ బ్యాగు ఎక్కడ పెడదాం?" అంది.

తర్వాత ఆమె నవ్విన నవ్వుకి నాలుగో వ్యాన్ కింద పడుకున్న పిల్లి లేచి పారిపోయింది.

దూది కొత్త కాగితం మీద సర్వే మళ్లీ రాసింది. 'పదమూడు మందిలో ఏడుగురు సరే అన్నారు. ముగ్గురు తేల్చి చెప్పలేదు. ఇద్దరు వద్దన్నారు. ఒకరికి ఇంకా జ్వరం. ముందు అడిగిన ఇరవై రెండు మందిని ప్రశ్న తప్పుగా అడిగాను. వాళ్ల సంగతి నాకు తెలియదు.'

టీచర్ ఆ చివరి వాక్యం కింద గీత గీసింది. ఈసారి మార్కులు వేసింది.

*

శనివారం బిస్కెట్ ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టు మీద బిస్కెట్లు సైనికుల్లా వరసగా నడిచి వెళ్తుంటే చూశారు. విరిగిన బిస్కెట్లు ఒక తొట్టిలో పడుతున్నాయి. వాటిలోంచి తలా ఒక గుప్పెడు ఇచ్చారు. హారన్ వేసిన జోకులకి గైడు నవ్వి నవ్వి చెప్పాల్సింది మర్చిపోయాడు. దూది కూడా నవ్వింది. అయినా మధ్యమధ్య పిల్లలంతా జతలు జతలుగా ముందుకి వెళ్లిపోతుంటే, ఆమెకి పాత భయం వచ్చి పోతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో బస్సు బయల్దేరడానికి ఇంకా టైముంది. దూది, హారన్ ముందు సీట్లో కూర్చున్నారు. వెనక వైపు పొడుగాటి సీటు మీద కవలలు, ఇంకో ఇద్దరు చేరి పాటలు మొదలుపెట్టారు. హారన్ మెడ తిప్పి అటు చూసింది. మళ్లీ ముందుకి తిరిగింది.

"వెళ్దామా?" అంది దూది.

"వాళ్లు పిలవలేదుగా."

"మనమూ అడగలేదుగా."

హారన్ తల అడ్డంగా ఊపింది. దూది ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. సీట్ల కమ్మీలు పట్టుకుంటూ ఇద్దరూ వెనకదాకా నడిచారు. పాట ఆగిపోయింది. నలుగురూ వాళ్ల వైపు చూశారు.

"ఇక్కడ మా ఇద్దరికీ చోటుందా?" అడిగింది దూది.

కవలలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంజన్ స్టార్ట్ అయింది. 'పర్లేదులే' అనేసి వెళ్లిపోవడం చాలా తేలిక. దూది వెళ్లలేదు. కమ్మీ గట్టిగా పట్టుకుని, జవాబు కోసం నిలబడింది.

"కొంచెం అటు జరగవే," అంది పొట్టి కవల, పక్కనున్న అమ్మాయితో.